చూడి పశువు మేత, పుట్టబోవు పిల్ల బలము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేటను దాటి కోదాడ చేరులోపల ఎన్ని గొర్రెల మందలు అడ్డువచ్చునో ఆ దారిన పోవువారందరును ఎరుగుదురు. తొలకరి జల్లులు రెండు పడిన పిమ్మట, గ్రామసీమల కార్యక్రమమునకై ధ్వనిముద్రణ చేయబోయి, మేము కోదాడకు ఇవతల ఒక పల్లెలో గొర్రెల దొడ్డి యొద్ద నిలిచితిమి. అందులో కొత్తగా ఈనిన గొర్రెలు ఇరువది వరకు ఉండెను. పిల్లలలో కొన్ని చెంగుచెంగున దుముకుచున్నవి. కొన్ని తల్లి పొదుగు క్రింద నిలువలేక మోకాళ్ళపై కూలబడుచున్నవి. ఒకే మంద, ఒకే పొట్టేలు, ఒకే వాన. ఈ భేదమేల కలిగెనని మందగల పెద్దాయనను అడిగితిమి.

"పిల్లల జూస్తే ఏం తెలుస్తది సారూ? మొన్న ఎండకాలంల తల్లి ఏం తిన్నదో అది జూడాలె" అని ఆయన బదులు చెప్పెను.

ఆ మాటను యంత్రములో పట్టుకొని కార్యాలయమునకు వచ్చితిమి. దానిని మరల మరల వినినకొలది మాకొక సంగతి స్ఫురించినది. గొల్ల పెద్దాయన ఒక్క వాక్యమున తేల్చివేసిన ఈ విషయమును ప్రయోగ పూర్వకముగా ఋజువు చేయుటకు శాస్త్రజ్ఞులకు ఇరువదవ శతాబ్దమున పెద్దభాగము పట్టినది. ఆ చరిత్రలో అమెరికా ఆవులు, ఆస్ట్రేలియా గొర్రెలు, కూనూరు ఎలుకలు మాత్రమే కాదు, మన నల్లగొండ సీమ జొన్నలును ఉన్నవి. నేటి ప్రసంగమున శ్రోతలకు ఆ కథను విన్నవింప దలచితిమి.

పంతొమ్మిదవ శతాబ్దము చివర వరకు పశువుల మేతను గూర్చిన విద్య యావత్తును తూకపు విద్యయే. మేతలో మాంసకృత్తులు ఎంత, పిండిపదార్థమెంత, క్రొవ్వెంత అని రసాయనశాలలో తేల్చి, ఆ మూడింటి మొత్తము సమానమైనచో ఏ మేతయైనను ఒక్కటే అని పండితులు చెప్పుచుండిరి. ఈ లెక్కను నమ్మనివాడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్టీఫెన్ బాబ్‌కాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన ప్రేరణతో 1907లో అచ్చటి వ్యవసాయ ప్రయోగశాలవారు 16 పెయ్యలను తెచ్చి నాలుగు జట్లుగా విడదీసిరి. ఒక జట్టునకు మొక్కజొన్న నుండి వచ్చిన మేత మాత్రమే పెట్టిరి. గింజయు దానిదే, ఆకును దానిదే. రెండవ జట్టునకు గోధుమ గింజ, గోధుమ గడ్డి. మూడవదానికి ఓట్ ధాన్యము, దాని గడ్డి. నాలుగవదానికి మూడును కలిపిన మేత. నాలుగు మేతలును ఆనాటి రసాయన గణితము ప్రకారము సరిసమానములు. హార్ట్, మెకాలమ్, హంఫ్రీ, స్టీన్‌బాక్ అను నలుగురు ఈ ప్రయోగమును 1911 వరకు నడిపిరి.

ఈ పెయ్యలు పెరిగి చూలు నిలిచి ఈనినవి. మొక్కజొన్న తిన్న ఆవులు నున్నగా నిగనిగలాడుచు, నిండు నెలలకు బలమైన దూడలను కన్నవి. గోధుమ తిన్న ఆవుల వెండ్రుకలు బిరుసెక్కినవి, చూపు చెడినది. వాని దూడలు నెలలు నిండకముందే చచ్చి పుట్టినవి, లేదా పుట్టిన కొలది కాలములోనే చచ్చినవి. ఓట్ జట్టు, మిశ్రమ జట్టు ఈ రెండింటికి నడుమ నిలిచినవి. తల్లులు అన్నియు కడుపునిండ తిన్నవే. కాగితముపై మేత సమానము, దొడ్డిలో దూడలు సమానము కాలేదు.

తేడా ఎందున్నదో ఆనాడే తెలియలేదు. మెకాలమ్ ఆవులతో పని సాగదని విసిగి ఎలుకలను పట్టెను. 1913లో ఆయనయు మార్గరీట్ డేవిస్ అను సహచరియు వెన్నలో ఉన్న ఒక పదార్థము లేనిదే ఎలుకపిల్ల ఎదుగదని కనిపెట్టిరి. దానికే పిమ్మట 'ఎ' విటమిను అని పేరు వచ్చెను. పచ్చిమేతలో, పసుపుపచ్చని మొక్కజొన్నలో ఉండు కెరోటిన్ పశువు శరీరమున ఈ విటమినుగా మారును. గోధుమ జట్టునకు కొరవడినవి ముఖ్యముగా ఈ విటమినును సున్నమును అని క్రమముగా తేలినది. ఆవు తన ఎముకలలోని సున్నమును కరగించి దూడకు పెట్టును. కాని తన యొద్ద నిలువలేనిదానిని పెట్టజాలదు.

ఇచట కొంచెము ఆగి, మన సీమకు రావలసియున్నది.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ యని పేరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు ఆ కాలువ క్రింద పండినవే. సూర్యాపేట వైపు అంతకు ముందే మూసీ జలాశయము నీరు కొంత వచ్చెను. ఈ నీటికి పూర్వము ఈ సీమ జొన్న, సజ్జ, ఆముదము, ఉలవ పండు మెట్ట. జొన్నతో కంది, పెసర, బొబ్బర్లు కలిపి చల్లుట వాడుక. ఇంటి ఆవు తిన్నది జొన్నచొప్ప, కందిపొట్టు, గట్టుపై గడ్డి, సాయంకాలము ఉలవల కుడితి. కాలువ వచ్చిన పిమ్మట చేలు మళ్ళైనవి. మిర్యాలగూడలో ధాన్యపు మిల్లులు వరుసలు తీరినవి. ఆవు, బర్రె ముందుకు వరిగడ్డియు తవుడును వచ్చినవి.

ఈ మార్పు నష్టమని మేము అనజాలము. గంజికి లేని ఇండ్లలో కాలువ అన్నము వండించినది. కాని చూడి పశువు పక్షమున చూచినచో లెక్క వేరు. వరిగడ్డిలో కెరోటిన్ లేదనవచ్చును, సున్నము తక్కువ. అందుండు ఆక్సలేటులు ఉన్న సున్నమును సైతము పశువుకు సరిగా అందనీయవు. తవుడులో భాస్వరము మెండు, సున్నము స్వల్పము. కంది, పెసర పొట్టు సున్నము గల మేతలు, అవి తొట్టిలో తగ్గినవి. ధాన్యము మిల్లుకు పోగా మిగిలినదానితో తల్లిపశువు గర్భమును మోయవలసి వచ్చినది. విస్కాన్సిన్ గోధుమ జట్టు కథ మిర్యాలగూడ బర్రెకు పూర్తిగా అన్వయించునని కాదు. గట్టుపై గడ్డి ఉన్నంతవరకు ఏ పశువును ఒక్క మేతపై బ్రతుకదు. కాని వేసవి మూడు నెలలు గట్టుపై గడ్డియు ఉండదు కదా. బర్రె పది నెలలు మోయును, ఆవు తొమ్మిది నెలల పది దినములు మోయును. ఏ నెలలో కట్టినను ఆ కాలములో వేసవి కొంతయైనను పడక తప్పదు.

చూలు నాటి లోపము పిల్లను చంపుటయే కాదు, దాని రూపమునే మార్చివేయునని తెలిపినది ఒక పంది. టెక్సస్ వ్యవసాయ ప్రయోగశాలలో ఫ్రెడ్ హేల్ అను ఆయన ఒక ఆడపందికి చూలు కట్టుటకు చాల ముందు నుండి 'ఎ' విటమిను లేని మేత పెట్టెను. అది 11 పిల్లలను ఈనెను. పదునొకండింటిలో ఒక్కదానికిని కనుగ్రుడ్లు లేవు. ఈ వార్త 1933లో వెలువడినది. వంశదోషమనువారు ఆనాడును కలరు. హేల్ అట్టి గ్రుడ్డి పందులనే జతపరచి, తల్లికి చాలినంత 'ఎ' విటమిను ఉన్న మేత పెట్టగా, పిల్లలు చక్కని కన్నులతో పుట్టినవి. మన ఊళ్ళలో గ్రుడ్డి దూడ పుట్టినచో గ్రహణము పట్టినదనియో, ఇంటివారి పాపమనియో అనుట మేము విన్నాము. గ్రహణమున కదలినందున దూడ చెడెనని ఒక ఇల్లాలు మాతో చెప్పి కంటతడి పెట్టుకొనినది. ఆమె పాపమేమియు లేదని చెప్పుటకైనను ఈ పందుల కథ పనికివచ్చును. 1940లో సిన్సినాటిలో జోసెఫ్ వార్కనీ ఎలుకలపై ప్రయోగము చేసి, తల్లి మేతలోని లోపము వలన పిల్లల ఎముకలు వికారముగా ఏర్పడుటను చూపెను. రిబోఫ్లేవిను కొరతయే దానికి కారణమని తరువాత తేలినది.

ఇక గొర్రెల సంగతి. మా ప్రసంగమునకు ఇదియే గుండెకాయ గనుక దీనిని కొంత విపులముగా చెప్పుదుము.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని పచ్చిక బయళ్ళలో గొర్రెపిల్లలు పుట్టిన కొలది వారములకు వెనుక కాళ్ళు తూలి, నడుము ఊగి, పడి లేవలేకపోవుచుండెను. పచ్చిక చూడ మంచిదే, తల్లులు కడుపునిండ తినుచుండెను. మొదట సీసపు విషమని అనుమానించిరి. హెరాల్డ్ బెన్నెట్స్ అను పశువైద్యుడు, చాప్‌మన్‌తో కలిసి, 1937లో అసలు కారణమును ప్రకటించెను. ఆ నేలలో, ఆ పచ్చికలో రాగి చాలదు. తల్లికి రక్తహీనత, కడుపులోని పిల్లకు నరముల పెంపున దెబ్బ. చూడి గొర్రెకు కొద్దిపాటి రాగి లవణము ఇచ్చినచో పిల్ల నిలబడి పుట్టును. కాని ఒకసారి తూలుట మొదలైన పిల్లకు ఎంత రాగి పెట్టినను చెడిన నరములు మరల రావు. శ్రోతలు ఈ మాటను గమనింప ప్రార్థన. పిల్లకు కావలసిన మందు తల్లికి ఈయవలసినది, అదియు పిల్ల పుట్టకముందు. ఆ గడువు దాటిన పిదప ఔషధము ఒట్టి రాయియే.

మరు సంవత్సరము ఇంగ్లండులో ఇంకొక చిక్కు విడినది. సోమర్సెట్ సీమలో కొన్ని పచ్చికలపై ఆవులు మేసిన వెంటనే విపరీతముగా పారుకొని చిక్కిపోవుట వంద సంవత్సరముల నుండి ఉన్న తెగులు. ఫెర్గూసన్, లూయిస్, వాట్సన్ అనువారు ఆ గడ్డిలో మాలిబ్డినము అను లోహము అధికముగా ఉన్నదని 1938లో చూపిరి. ఆవులకు మైలుతుత్తము, అనగా రాగి లవణమే, ఇచ్చినచో తెగులు తగ్గినది. మాలిబ్డినము రాగికి పగ. గడ్డిలో రాగి ఉన్నను మాలిబ్డినము పైచేయియైనచో పశువు దానిని పొందలేదు. అనగా లోపము రెండు విధములు. లేక లోపము ఒకటి, ఉండియు అందక లోపము రెండవది. రెండవది కనిపెట్టుట బహు కష్టము.

ఈ రెండవ లోపమే నల్లగొండ జిల్లా చరిత్రలోనికి వచ్చినది. దారి చుట్టు తిరిగి వచ్చినది, నీటి గుండ వచ్చినది. మన తెలుగు నేలలో ఫ్లోరైడు వ్యాధిని మొదట పసిగట్టినవారు వైద్యులు కారు, రైతులు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి వైపు ఎడ్లు కీళ్ళు బిగిసి కాడి మోయలేకపోవుటను వారు చూచిరి. మనుష్యులలో అదే వ్యాధిని షార్ట్ మొదలగు వైద్యులు 1937లో వర్ణించిరి. పశువు ముందు, మనిషి వెనుక. 1955 డిసెంబరులో, సాగరమునకు శంకుస్థాపన జరిగిన మాసముననే, సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి లండనులోని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను.

తరువాత వింత జరిగెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ సీమలో ఫ్లోరోసిస్ క్రొత్త రూపమును ధరించెనని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. మునుపు పెద్దవారి వెన్ను బిగిసెడిది. ఇపుడు ఎదుగుచున్న పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి రాచుకొనుచున్నవి, ఎముకలు పలుచబడుచున్నవి. వీరు ఊహించిన కారణము ఇది: జలాశయము నిండిన పిదప భూగర్భజలము పైకి వచ్చి నేల గుణము మారినది, ఆ నేలలో పండిన జొన్న మాలిబ్డినమును అధికముగా తీసికొన్నది, అది తిన్నవారి శరీరమున రాగి నిలువలేదు. దేవస్థలె, గోపాలన్‌లు 1974లో మాలిబ్డినము హెచ్చుగా ఉన్న జొన్న తిన్నవారి మూత్రమున రాగి హెచ్చుగా పోవుటను కొలిచి చూపిరి. సోమర్సెట్ ఆవు కథ, నల్లగొండ బాలుని కథ ఒకే త్రాటిపై నిలిచినవి.

ఇది గొర్రెపిల్లల వృత్తాంతము కాదు, మనుష్యుల వృత్తాంతము. కోదాడ దొడ్డిలో మేము చూచిన పిల్లలు రాగి లేక కూలినవని మేము చెప్పుట లేదు. ఉత్త ఆకలి చాలును. మేము చెప్పునది మరొకటి: ఒక పెద్ద కాలువ వచ్చినపుడు నేల మారును, నేలతో గింజ మారును, గింజతో చొప్ప మారును, చొప్ప తిన్న తల్లి మారును. జలాశయము కట్టునపుడు ఎకరముల లెక్క వేయుదురు గాని ఈ లెక్క వేయువారు అరుదు.

జాతీయ పోషకాహార సంస్థ పేరు వచ్చినది గనుక దాని పూర్వకథయు చెప్పవలెను. అది 1918లో నీలగిరులపై కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ చేత, ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధనగా మొదలైనది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు ధరించినది. కూనూరులోనే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు చూడి ఎలుకలపై ఒక ప్రయోగము చేసినది. బొంబాయిలో చూలాండ్రు రక్తహీనతతో మరణించుట చూచి, ఆ పేదస్త్రీలు తిను తిండినే ఎలుకలకు పెట్టినది. ఎలుకలు పాలిపోయి, పిల్లలను కనకముందే చచ్చినవి. తిండిలో ఈస్టు చేర్చగా బ్రతికినవి. తరువాత కోతులపై పరీక్షించి, ఈస్టు సారముతో స్త్రీలకు చికిత్స చేసి 1931లో ఆ సంగతి ప్రకటించినది. ఈస్టులోని ఆ పదార్థమునకు చాలకాలము 'విల్స్ ఫాక్టర్' అనియే పేరు.

ఆ పదార్థము ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. చూలాలి ఆహారమున ఫోలిక్ ఆమ్లము ముందునుండి చేర్చినచో, ఒకసారి వెన్నుపాము లోపము గల బిడ్డను కన్న తల్లికి మరల అట్టి బిడ్డ పుట్టుట నూటికి 72 పాళ్ళు తగ్గునని 1991లో బ్రిటనులో ముగిసిన పెద్ద పరీక్ష తేల్చెను. సుబ్బారావు అప్పటికి లేడు, 1948లోనే కన్నుమూసెను. బొంబాయి చూలాలు, కూనూరు ఎలుక, భీమవరపు బ్రాహ్మణ బాలుడు: ఇంత దూరపు చుట్టరికము మరి ఎచటనైన కలదో లేదో!

2003లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున వాటర్లాండ్, జర్టిల్ అనువారు ఇంకొక మెట్టు ఎక్కిరి. పుట్టుకతో పసుపు రంగు వెండ్రుకలు, లావు శరీరము కలిగించు జన్యువు గల ఎలుకలు కొన్ని కలవు. తల్లి ఎలుకకు చూలు కట్టకముందు నుండి ఫోలిక్ ఆమ్లము, బి-12, కోలీన్, బీటైన్ అదనముగా పెట్టగా, పిల్లలలో గోధుమ రంగువి హెచ్చు పుట్టినవి. జన్యువు అక్షరము ఒకటియు మారలేదు. ఆ జన్యువుపై మిథైల్ అను చిన్న గుర్తులు పడి దాని నోరు కట్టినవి. తల్లి తిన్న తిండి పిల్ల శరీరమున ముద్రవేసినదని రంగుతో కంటికి కనిపించినది. పూర్వపు ప్రయోగములలో పిల్ల చచ్చుటో వికారమగుటో చూచిరి. ఇందు పిల్ల ఆరోగ్యముగనే పుట్టినది, కాని వేరుగా పుట్టినది.

ఈ 'వేరుగా' అనుదానిని హైదరాబాదులో, తార్నాకలోని మన సంస్థలోనే, మంచాల రఘునాథ్, వేణు మొదలగువారు తరచి చూచిరి. అక్కడ దశాబ్దములుగా పెంచుచున్న విస్టార్ జాతి ఎలుకలకు చూలునకు ముందునుండి విటమినులను, ఖనిజ లవణములను సగము చేసి పెట్టిరి. 2004, 2005 సంవత్సరములలో వెలువడిన వారి ఫలితములను సంగ్రహముగా చెప్పినచో: అట్టి తల్లుల పిల్లలు చూడ మామూలుగా ఉన్నను ఒంటిలో క్రొవ్వు పాలు హెచ్చినది. ఒక్క మెగ్నీషియము కొరవడినను పిల్లల శరీరము ఇన్సులినునకు సరిగా లొంగదయ్యెను. పుట్టిన పిమ్మట చాలినంత పెట్టినను కొన్ని మార్పులు పూర్తిగా సరికాలేదు. పేదతనమున పుట్టి పెద్దయిన పిమ్మట మధుమేహమునకు గురియగుచున్న మన జనమును గూర్చి ఈ ఎలుకలు ఏమి చెప్పుచున్నవో, అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

అట్లని, తల్లికి దొరికినదెల్ల పెట్టుట మేలని ఎవరును తొందరపడరాదు. 1953లో కోలాన్ అను వైద్యుడు చూడి ఎలుకలకు 'ఎ' విటమినును మితిమీరి ఇచ్చి, పిల్లలు మెదడు వికారముతో పుట్టుటను చూచెను. లేమి కన్నులు తీసిన ఆ విటమినే అతిగా ఇచ్చినచో తలను చెడగొట్టినది. రాగి సంగతియు అంతే. ఆవు, బర్రె తట్టుకొను రాగి గొర్రెకు విషము. పశువుల కొరకు సంచులలో అమ్ము లవణ మిశ్రమమును, ఉన్నది కదాయని గొర్రెలకు దీర్ఘకాలము పెట్టినచో కాలేయమున రాగి పేరుకొని, ఒకనాడు ఉన్నట్లుండి గొర్రె కూలిపోవును. ఏ సీమ నేలలో ఏది తక్కువయో పరీక్షించి, ఆ సీమకు తగిన లవణ మిశ్రమమునే తయారు చేయవలెనని బెంగుళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ చెప్పుచున్నది ఇందుకే. కాలువ క్రింది మిర్యాలగూడకును, మెట్టపైని మర్రిగూడకును ఒకే సంచి సరిపడదు.

గొర్రె అయిదు నెలలు మోయును. పిల్ల బరువులో మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారములలోనే పెరుగును. కవల పిల్లలున్న తల్లికి ఆ వారములలో కడుపులో చోటు తగ్గి తినగలుగునది తగ్గును, కావలసినది హెచ్చును. ఆ దినములలో గొర్రెకు రోజునకు 200, 250 గ్రాముల దాణా పెట్టుమని పశుపోషణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన గొల్ల, కురుమ కుటుంబములకు దాణా కొను స్తోమత ఎల్లవేళల ఉండదు. తుమ్మకాయలు, ఉలవపొట్టు, అవిశ ఆకు వారెరిగినవే. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన గొర్రెల పంపిణీలో ఒక్కొక్క కుటుంబమునకు 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు లెక్క. ఇరువది తల్లులకు ఆరు వారముల దాణా ఎంతయగునో లెక్కవేసిన రైతులను మేము సూర్యాపేట సంతలో చూచితిమి. లెక్క సగములోనే వదలిరి.

జున్నుపాల మాట చెప్పక ఈ ప్రసంగము ముగింపలేము. మనుష్య శిశువునకు తల్లి రక్తము నుండి రోగనిరోధక పదార్థములు కడుపులోనే చేరును. దూడకు, గొర్రెపిల్లకు అట్లు చేరవు. మావి అడ్డుకొనును. అవి పుట్టిన తొలి కొలది గంటలలో జున్నుపాలతోనే రావలెను. గంటలు గడచినకొలది ప్రేగు వానిని పీల్చుకొను శక్తిని పోగొట్టుకొనును. తల్లి చూలునాడు తిన్న తిండి యొక్క ఆఖరి పంపకము అది. మన ఇండ్లలో బర్రె ఈనెననగానే బెల్లము, మిరియాలు, ఏలకులు సిద్ధము, ఇరుగుపొరుగువారు గిన్నెలతో సిద్ధము. మాకును జున్నుపై ప్రీతి తక్కువేమియు కాదు. దూడ త్రాగి విడిచిన పిమ్మట మిగిలినది వండుకొనిన జున్నుకు రుచి తగ్గదని మాత్రము మనవి.

రెండేండ్లకొకసారి మాఘమాసమున సూర్యాపేట యొద్ద దురాజ్‌పల్లి గుట్టపై లింగమంతులస్వామి జాతర జరుగును. యాదవులు లక్షలుగా వచ్చి, భేరీలు మ్రోగించి, మందల మేలు కోరుకొందురు. ఆ జాతర నాడు కోదాడ పెద్దాయన మాకు మరల కనిపించెను. ఆనాడు అడుగక మరచినదానిని అడిగితిమి: "పెద్దయ్యా, ఆ దొడ్డిల దుముకుచున్న పిల్లలు ఎవరివి?"

"మా కోడలువి సారూ. ఎండకాలం మంద తోలుకొని పోయేటప్పుడు ఏడు చూడి గొర్రెలు నడువలేక ఇంటికాడనే ఉండె. అది రోజూ ఉలవల కుడితి పెట్టింది, తుమ్మకాయలు ఏరి వేసింది. నాతోని పోయినయి నల్లమట్టి నాకినయి" అని నవ్వి, "ఈ యేడు పన్నెండు ఇంటికాడ ఉంచిన" అని చెప్పి ఆయన భేరి మ్రోగుచున్న వైపు నడచిపోయెను.